పదిహేనో నంబరు డబ్బా

రెండు ముద్దలు మింగి, మూడోది నోట్లో పెట్టుకునేదాకా ఆకుకూరమ్మకు అనుమానమే రాలేదు. పంటికింద ఏదో గట్టిగా తగిలింది. రాయేమో అనుకుని వేలుపెట్టి బయటకు తీసింది. రాయి కాదు. సన్నగా, తెల్లగా, ఒక చివర గుండ్రంగా ఉన్న బుల్లి ఎముక.

పక్కన కూర్చున్న పొడుగావిడ అటు చూసింది. చూసీ చూడగానే చేతిలో ముద్ద వదిలేసి, "ఉమ్మెయ్ వదినా! ముందు ఉమ్మెయ్!" అని కేక పెట్టింది.

ఉమ్మింది. నోట్లోది సరే, కడుపులోకి పోయినదాని సంగతేమిటి? ఆకుకూరమ్మ లేచి తువ్వాళ్ళు నానబెట్టే తొట్టి దగ్గరకు పరుగెత్తి గొంతులోకి వేళ్ళు పోనిచ్చింది. కళ్ళవెంట నీళ్ళు, ముక్కువెంట నీళ్ళు. రావలసింది మాత్రం సగమే వచ్చింది. పొడుగావిడ వెనకే వచ్చి వీపు రాస్తూ నిలబడింది.

హాజరుపట్టీలో ఆకుకూరమ్మకు మంచి పేరే ఉంది గానీ ఆ పేరుతో పిలిచే దిక్కు లేదు. ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసే ఇరవైమంది ఆడవాళ్ళలో మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టనిది ఆమె ఒక్కతే. పుట్టింట్లో అలవాటు లేదు, అత్తింట్లో లేదు, తనకూ అక్కర్లేదు. అంతకుమించి ఆవిడ దగ్గర సిద్ధాంతమేమీ లేదు. లేకపోతేనేం, సంజాయిషీ మాత్రం రోజూ చెప్పుకోవాల్సిందే. "అయితే మరేం తింటావే పాపం?" అని తొమ్మిదేళ్ళుగా అడిగినవాళ్ళే అడుగుతున్నారు, సంగతి నిన్ననే తెలిసినట్టు. పుట్టినరోజంటే కేకులో గుడ్డుంటుంది. ఎవరైనా రిటైరయ్యే విందంటే అందరి పళ్ళేలూ నిండాక ఆమె చేతిలో రెండు అరటిపళ్ళు పెడతారు. కూరగాయలతో చేసింది కూడా ఒకటి ఉందంటారు, ఉంటుంది కూడా. కానీ అందులో పెట్టిన గరిటె అంతకుముందు ఏ గిన్నెలో ఉందో ఎవరు చూడొచ్చారు?

చూడ్డానికి పొడుగావిడ ఉంది. ఏ విందులోనైనా ముందు ఆవిడ వెళ్ళి గిన్నెల మూతలు తీసి, వాసన చూసి, వంటవాడిని నిలదీసి వస్తుంది. "ఇది తినొచ్చు వదినా. అది వద్దు, గరిటెలు కలిపేశారు దిక్కుమాలినోళ్ళు." ఆ మాట చెప్పి తానేమో కోడికాలు పట్టుకుని హాయిగా కొరుక్కుంటూ కూర్చుంటుంది. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పనిలో చేరిన మొదటిరోజు ఎందుకో వదినా అనుకున్నారు, అదే నిలిచిపోయింది.

దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. ఇస్త్రీ రోలరు నుంచి వేడివేడిగా వచ్చినదాన్ని చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. ఆ కొసలు ఎదుటి మనిషి చేతిలో పెట్టేసి, కిందికి వంగి మడత అంచు అందుకోవాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. పొడుగావిడ తలుపంత ఎత్తు మనిషి, ఆకుకూరమ్మ ఆవిడ భుజానికి రాదు. ఈమె కోసం ఆవిడ మోకాళ్ళు కాస్త వంచి నడుస్తుంది. తొమ్మిదేళ్ళుగా అలాగే నడిచీ నడిచీ ఇప్పుడు బజార్లో కూడా అలాగే నడుస్తోందని మిగతావాళ్ళు ఎగతాళి చేస్తారు.

ఆ సోమవారం భోజనాలు సగంలోనే ఆగిపోయాయి. కబురందుకుని లాండ్రీ ఇన్‌ఛార్జి వచ్చాడు. ఆయన బల్ల మీది డబ్బాలోకి తొంగిచూసి, మూతి తిప్పుకుని, "ఎవరి పని ఇది?" అన్నాడు.

రెండేళ్ళ కిందట ఆసుపత్రివాళ్ళు అందరికీ ఒకే రకం స్టీలు డబ్బాలు పంచిపెట్టారు. లాండ్రీవాళ్ళకు దేనిమీదైనా నంబరు వెయ్యకపోతే తోచదు కదా, డబ్బా అడుగున మేకుతో ఎవరి నంబరు వాళ్ళు గీసుకున్నారు. డబ్బా పెట్టుకునే గుడ్డసంచికి అదే నంబరు ఎర్రదారంతో కుట్టుకున్నారు. ఆకుకూరమ్మది పద్నాలుగు, పొడుగావిడది పదిహేను. పొద్దున పదింటికి సంచులన్నీ ఆరబెట్టే మిషను నెత్తిన పెడితే భోజనాల వేళకు అన్నం కూరా వేడెక్కి ఉంటాయి. అందరూ సంచిమీది ఎర్రదారం చూసి తీసుకుంటారు. డబ్బా తిరగేసి చూసే అవసరం ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

ఇన్‌ఛార్జి తిరగేశాడు. కూర బల్లమీద ఒలికిపోయింది. అడుగున పదిహేను.

"సంచేమో పద్నాలుగు, డబ్బా పదిహేను." ఆయన పొడుగావిడ వైపు తిరిగాడు. "ఇది నీదేనా?"

పొడుగావిడ మొహం పాలిపోయింది. "నాదే సార్."

"కూర?"

"నేనే వండాను."

"ఈమె సంచిలోకి ఎలా వచ్చింది?"

ఆవిడ నోరు తెరిచి, ఆకుకూరమ్మ వైపు ఒకసారి చూసి, మళ్ళీ మూసేసుకుంది. అప్పుడెవరో అన్నారు, పొడుగావిడ ఇవాళ ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకుందని. నిజమే, ఆవిడ ముందు ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఉంది. ఇన్‌ఛార్జికి ఇంకేం కావాలి? "ఓహో, ఇంటిదగ్గరే అన్నీ చూసుకుని వచ్చావన్నమాట. సరిగ్గా చూడకుండానే ఉమ్మెయ్ అన్నావట, అందులో ఏముందో నీకెలా తెలిసింది?" అని గదమాయించాడు.

ఆకుకూరమ్మ కొయ్యబారిపోయి చూస్తూ ఉంది. ఒక్కమాట, ఒకే ఒక్కమాట అంటుందేమోనని పొడుగావిడ నోటివైపే చూసింది. ఆవిడ తల వంచుకుని బల్లమీద ఒలికిన కూరని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఇన్‌ఛార్జి తన గదికి పిలిచాడు. కాగితం అప్పటికే రాసి ఉంది. "మీలాంటి పద్ధతైన మనుషులకి ఇలాంటి అవమానం జరిగితే నేను చూస్తూ ఊరుకుంటానా అమ్మా? నేనూ తింటాను, కాదనను. కానీ ఒకళ్ళ నోట్లో కుక్కుతామా?" అన్నాడు. అంత మర్యాద ఆయన నోట ఎన్నడూ విని ఎరగదు. పోయిన నెల మురికి గదిలో ఒకమ్మాయి చేతికి సూది గుచ్చుకుంటే, మందపాటి చేతితొడుగులు ఇప్పించమని పొడుగావిడ అందరిముందూ ఆయన్ని నిలదీసింది. ఆ సంగతి ఆకుకూరమ్మకు గుర్తొచ్చింది. వచ్చినా, నోట్లో ఇంకా ఆ రుచి ఉంది. కావాలని చేసిందని రాసి ఉన్నచోట ఒక్క క్షణం ఆగి, సంతకం పెట్టేసింది.

ఇంటికి వెళ్ళి భర్తను అడిగింది. అతను బడి బస్సు నడుపుతాడు. తెల్లారగట్లే లేచి వెళ్ళాలి కనక రాత్రే కూర వండి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాడు, పొద్దున సంచిలో సర్దుతాడు. "చిక్కుడుకాయ కూరే పెట్టాను, నా చేత్తో పెట్టాను. ఒట్టు కావాలా?" అన్నాడు, పాపం అతను కూడా హడలిపోయి. లోపలి గదిలో చదువుకుంటున్న కూతురు బయటకు రాలేదు. తలనొప్పి అంది.

ఇక అనుమానమేముంది? పక్కలో పడుకుని ఆకుకూరమ్మ తొమ్మిదేళ్ళ స్నేహాన్నీ తిరగేసి చూసుకుంది. ఎక్కడా చిరుగు కనబడలేదు. అదే ఆమెకు భరించరానిదైంది.

ఇంకో సంగతి ఉంది. అది ఆమె భర్తకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. చిక్కుడుకాయ అన్నవాడు పుట్టగొడుగులు వండాడే అనుకుంటూ మొదటి ముద్ద తిన్నప్పుడు, అబ్బ, ఇవాళ కూర ఎంత బాగా కుదిరింది అనుకుంది. రెండో ముద్దకి కూర ఇంకాస్త ఎక్కువ కలుపుకుంది.

మంగళవారం నుంచి పొడుగావిడను మురికి గదికి మార్చారు. వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పేది అక్కడే. నెత్తురు, చీము, అంతకన్నా చెడ్డవి. దుప్పట్లు విదిలిస్తే వాటిలోంచి కత్తెరలు పడతాయి, సూదులు పడతాయి. శుక్రవారం ఆఫీసు మేడమ్ ఇద్దర్నీ పిలిచి విచారిస్తుందట. నేరం రుజువైతే పొడుగావిడ ఉద్యోగం ఊడినట్టే అని అందరికీ తెలుసు. ఆవిడ సంపాదన మీదే ఇల్లు నడుస్తుందనీ తెలుసు.

ఆకుకూరమ్మకు జోడీగా ఒక కొత్త పిల్లను ఇచ్చారు. చురుకైనదే. కానీ ఆ పిల్ల మోకాళ్ళు వంచదు. కొసలు కలిపేసరికి ఆకుకూరమ్మ మునివేళ్ళమీద లేవాల్సి వచ్చేది. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేశాయి. మడతలు వంకరపోతే, "ఏంటక్కా, నిద్రపోలేదా?" అంది ఆ పిల్ల. మురికి గదికీ వీళ్ళకీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే నీలం గౌనూ, ముక్కుకి గుడ్డా కట్టుకున్న మనుషుల్లో తల పైకి కనిపించేది ఒక్కటే. ఆ తల ఇటు తిరగలేదు.

బుధవారం భోజనాల గదిలో నోటీసు అంటించారు. ఇకమీదట మాంసాహారం తేకూడదట. చేపల కూర తెచ్చుకున్న ముసలావిడ డబ్బా పట్టుకుని బయటకు పోయి, సబ్బు డ్రమ్ముల పక్కన నిలబడి తిని వచ్చింది. వస్తూ ఆకుకూరమ్మ దగ్గర ఆగి, "చల్లగా ఉండు తల్లీ," అంది. అది దీవెన కాదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఆమె కోసం మూలన వేరే బల్ల కూడా వేయించాడు ఇన్‌ఛార్జి, దానిమీద తెల్లగుడ్డ పరిపించి మరీ. స్టీలు డబ్బా తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోందని ఆమె రెండు అరటిపళ్ళు తెచ్చుకుంది. అంత బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని అవి ఒలుచుకుంది. ఇన్నేళ్ళూ ఎగతాళి చేసినవాళ్ళు ఆరోజు ఒక్కమాట కూడా అనలేదు. "ఇంక గడ్డి తినవే" అని ఎవరన్నా అంటే బాగుండునని మొదటిసారి అనిపించింది ఆమెకు.

గురువారం సాయంత్రం ఇంట్లో రొట్టెల పిండి అయిపోయింది. కొత్త పిండి పై అరలో ఉంటుంది. మామూలుగా భర్త తీసిస్తాడు, అతనింకా రాలేదు. ఆకుకూరమ్మ స్టూలు వేసుకుని ఎక్కి పిండి డబ్బాను ఇవతలికి లాగింది. దాని వెనక, గోడకు ఆనించి, పాత తువ్వాలులో చుట్టి ఏదో ఉంది. విప్పింది.

స్టీలు డబ్బా. శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. తిరగేసింది.

పద్నాలుగు.

స్టూలు మీద నిలబడే ఉండిపోయింది ఎంతసేపో. పొడుగావిడ మిషను దగ్గర డబ్బాలు మార్చి ఉంటే తన డబ్బా లాండ్రీలోనే ఎక్కడో ఉండాలి. ఇల్లు కదలకుండా ఇక్కడెలా ఉంది? ఇక్కడే ఉందంటే సోమవారం పొద్దున ఈ ఇంట్లోంచి బయల్దేరిందేమిటి? కిందికి చూసేసరికి వంటింటి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. పుస్తకాల సంచి ఇంకా భుజాన్నే ఉంది.

"అమ్మా, దిగు. పడతావ్."

"ఏంటే ఇది?"

పదహారేళ్ళ పిల్ల. అబద్ధం చెప్పడం ఇంకా చేతకాదు. ఏడుపు ముంచుకొచ్చేసింది. "నేను పారేద్దామనుకున్నానమ్మా, కానీ నీ డబ్బా కదా, మనసొప్పలేదు."

అప్పుడు బయటపడింది. కుట్టుపని నేర్చుకోవడానికని వారానికి మూడు సాయంత్రాలు ఈ పిల్ల పొడుగావిడ ఇంటికి వెళ్తుంది. ఏడాది నుంచీ అక్కడే భోంచేస్తోంది. ఆదివారం కోడికూర మిగిలితే, రేపు కాలేజీకి తీసుకెళ్తాననీ, అత్త డబ్బాలో పెట్టిస్తే పట్టుకుపోతాననీ పోరిందట. తెచ్చి ఫ్రిజ్‌లో వెనకవైపు దాచింది. రాత్రి పాలగిన్నె పెట్టేటప్పుడు ఎవరు జరిపారో, వెనకది ముందుకొచ్చింది. తెల్లారగట్ల నిద్రకళ్ళతో తండ్రి ముందున్న డబ్బా తీసి సంచిలో పెట్టేశాడు. పిల్ల చూసుకునేసరికి అమ్మ వెళ్ళిపోయింది, ఫ్రిజ్‌లో చిక్కుడుకాయ కూర డబ్బా ఒక్కటే మిగిలింది, భయపడి దాన్ని కడిగి పై అరలో దాచేసింది.

"అత్త చెప్పనే లేదేం?" అంది ఆకుకూరమ్మ. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"మంగళవారం నేను పరుగెత్తుకెళ్ళి ఏడ్చానమ్మా. అమ్మకి చెప్పేస్తానన్నా. అత్తేమో నువ్వు నోరు మెదపకు, మీ అమ్మకి ఈ వారం తగిలిన దెబ్బ చాలు, నాలుగు తిట్టి వదిలేస్తారులే అంది. ఉద్యోగం పోతుందని నాకు తెలీదమ్మా."

"నన్నొక్కమాట అడగొచ్చు కదే నువ్వు? తింటానని చెప్పొచ్చు కదా?"

"టీవీలో ఎవరైనా తింటుంటేనే చానెల్ మార్చేస్తావు. నీకెలా చెప్పను?" పిల్ల ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. "నాకు జబ్బేం లేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. బాగుంటుందమ్మా. అంతే."

కొట్టడానికి చెయ్యెత్తింది ఆకుకూరమ్మ. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. బాగుంటుందమ్మా అన్నమాట దగ్గర ఆమెకు రెండో ముద్దకి కూర ఎక్కువ కలుపుకోవడం గుర్తొచ్చింది. చెయ్యి దించి, స్టూలు దిగి, పిండి డబ్బా మూత పెట్టింది. ఆ పూట ఆ ఇంట్లో రొట్టెలు చెయ్యలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు ఆఫీసు మేడమ్ గదిలో ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్నాడు, ఆడవాళ్ళిద్దరూ నిలబడ్డారు. పొడుగావిడ చేతులు నాలుగురోజులకే బట్టల సోడా నీళ్ళకు పగిలిపోయి ఉన్నాయి. మేడమ్ కాగితం చదివి వినిపించి, "ఈ సంతకం నీదేనా?" అని అడిగింది.

"నాదే మేడమ్. రాసిందే నిజం కాదు." ఆకుకూరమ్మ సంచిలోంచి డబ్బా తీసి బల్లమీద బోర్లించింది. "నా పద్నాలుగు ఇదిగో. సోమవారం ఇది మా ఇంట్లోనే ఉంది. ఆ పదిహేను మా ఇంటినుంచే వచ్చింది. మా అమ్మాయి తెచ్చుకుంది. మా అమ్మాయి మాంసం తింటుంది."

పొడుగావిడ ఉలిక్కిపడి, "వదినా, ఊరుకో!" అంది.

ఇన్‌ఛార్జి కుర్చీలోంచి లేచాడు. "ఇదేంటమ్మా! మీ పరువు కోసమే కదా నేనింత చేసింది?"

"మీకు చేతితొడుగులు అడిగిన మనిషి మీద కోపం సార్. నా సంతకం దొరికింది, వాడుకున్నారు. ఇచ్చింది నేనేలెండి."

మేడమ్ చాలాసేపు పెన్ను మూతతో బల్లమీద కొట్టింది. చివరికి పొడుగావిడ మడత బల్ల దగ్గరకు పోవచ్చంది. నోటీసు తీసెయ్యమంది. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు ఆకుకూరమ్మకు నెలరోజులు మురికి గదిలో పని. ఇన్‌ఛార్జిని మాత్రం ఏమీ అనలేదు. తర్వాత మాట్లాడతానంది, అంతే.

నడవలో ఇద్దరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడిచారు. మెట్ల దగ్గర ఆకుకూరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. పొడుగావిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పిల్ల విషయం దాచాను, అది నా తప్పే. ఎన్ని తిట్టినా పడతాను. కానీ తొమ్మిదేళ్ళు నీకోసం గరిటెలు వాసన చూశాను వదినా. నువ్వే చేశావా అని నన్నొక్కమాట అడగలేకపోయావు. నువ్వు అడిగుంటే, ఒట్టు, చెప్పేసేదాన్ని."

నిజంగానే అడగలేదు. ఆకుకూరమ్మ మెట్టుమీదే నిలబడిపోయింది. నాలుగురోజులుగా ఆవిడ ఏమీ చెప్పలేదనే ఏడ్చింది గానీ, తను అడగలేదన్న సంగతి ఇప్పటిదాకా తట్టనే లేదు. పొడుగావిడ మోకాళ్ళు వంచకుండా గబగబా దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మురికి గదిలో ఆకుకూరమ్మ గౌను తొడుక్కుని ముక్కుకి గుడ్డ కట్టుకుంది. మొదటి మూట విప్పేసరికే కళ్ళు తిరిగాయి. పైనున్న దుప్పటి తీసి విదిలించబోయింది. దుప్పటి ఒక్క మనిషికి లొంగుతుందా? సగం నేలమీద పడింది, సగం కాళ్ళకు చుట్టుకుంది. పక్కవాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. రెండోసారి ఎత్తింది. అప్పుడు రెండో కొస దానంతటదే పైకి లేచింది.

అవతల పొడుగావిడ. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోలేదు.

"అలా ఉన్నపళంగా విదిలించకు. ముందు వెలుతురుకి పట్టి చూడు. సూదులుంటాయి," అంది. గొంతులో కోపం కోపంగానే ఉంది.

ఇద్దరూ దుప్పటిని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. నెత్తుటి మరక మధ్యనుంచి ఒకళ్ళ కళ్ళు ఒకళ్ళకు కనిపించాయి. ఏం చెప్పాలో తెలియక, మనసులో ఉన్నవాటన్నిటిలోకీ ఎవరికీ చెప్పనిదే చెప్పింది ఆకుకూరమ్మ.

"రుచిగా ఉంది వదినా."

"ఏంటి?"

"నీ కూర. రెండో ముద్దకి ఎక్కువ కలుపుకున్నా."

పొడుగావిడ చేతిలోంచి కొస జారిపోయింది. నమ్మలేనట్టు, మెల్లగా అడిగింది. "మళ్ళీ తింటావా?"

"ఛస్తే తినను."

"మరి పిల్ల?"

"అది తింటుంది. నీ ఇంట్లో కాదు, నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చుని. వండేది మాత్రం నువ్వే, నాకు చేతకాదు." ఆకుకూరమ్మ తన కొస గట్టిగా పట్టుకుంది. "నువ్వు చేశావా అని అడగాల్సింది వదినా."

పొడుగావిడ వంగి, జారిన కొస అందుకుంది. దుప్పటి బిగుతుగా లాగి, సూదులు లేవని చూసి, ఎదురు నడవడానికి మోకాళ్ళు కాస్త వంచింది.